కార్తెకో మజిలీ: వ్యాన్ కాపురం పని డైరీ

పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కార్తెలు (మార్చి)

బండి చేతికొచ్చింది. స్కూలు పిల్లల్ని తిప్పిన పాత ట్రావెలర్, పైకప్పు ఎత్తుగా ఉండే రకం. లోపల నిలబడితే తల తగలదు, నేను చూసుకున్న మొదటి సంగతి అదే. నెల్లూరు ఆటోనగర్‌లో మేస్త్రి కిందికి దూరి చూసి, "గేరుబాక్సు ఒక్కటే గొణుగుతుండాది, మిగతాదంతా బాగానే ఉండాది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

నా పని తోటలకు డ్రిప్పు బిగించడం. పొదలకూరు నిమ్మతోటలు, కనిగిరి వైపు బత్తాయి, మార్కాపురం పైన మిరప. ఒక్కో తోటలో నాలుగైదు రోజుల పని. ఇన్నాళ్లూ లాడ్జిలో పడుకోవడం, తెల్లారి ముప్పై కిలోమీటర్లు బైకు మీద తోటకు పోవడం. బండిలోనే కాపురం పెడితే తోట గట్టు మీదే తెల్లారుతుంది. కావలిలో అమ్మ దగ్గరికి ఆదివారం ఎలాగూ పోతాను.

కాగితాల సంగతి ముందే రాసేస్తాను. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా బండి రూపం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ అడ్డం వస్తుంది, అధికారి అనుమతి కావాలి. అది తేలాకే సీట్లు పీకించాను. ఇన్సూరెన్సు వాళ్లకూ ఆ మార్పు చెప్పాలి. దీనికి పట్టిన కాలంలో బండి లోపల సగం పని అయిపోయేది, కానీ తప్పదు.

ఇంటర్నెట్‌లో వ్యాన్ కాపురం వీడియోలన్నీ చలిదేశాల వాళ్లవి. గోడల్లో రెండంగుళాల ఉన్ని కూరతారు, డీజిల్ హీటర్ పెడతారు, లోపలి వేడి బయటకు పోకుండా చూసుకుంటారు. మనకు కావాల్సింది దానికి తలకిందులు. మన దగ్గర మూడే లెక్కలు: నీడ, గాలి, వాన. అందుకని సామాను జాబితా రాయకముందు, ఏ కార్తెలో బండి ఎక్కడ నిలబడాలో రాసుకున్నాను. ఎండాకాలం మెట్టలో ఉంటే ఒక పద్ధతి, సముద్రం పక్కన ఉంటే ఇంకో పద్ధతి. బండికి చక్రాలున్నాయి కదా, వాటిని వాడుకోకుండా ఏసీ గురించి ఆలోచించడం దేనికి?

రేవతి, అశ్విని కార్తెలు (ఏప్రిల్)

లోపలి పని నడుస్తోంది. పైకప్పు రేకుకు లోపల వేడిని ఆపే 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు షీటు అతికించాను. పక్కగోడలకు 9 మిల్లీమీటర్లతో సరిపెట్టాను. తెలిసినవాళ్లు "గోడలకూ మందంగా వెయ్యి" అన్నారు గానీ నాకు నచ్చలేదు. మన ఎండ నడినెత్తిన పడేది, గోడ మీద కాదు. పైగా పొద్దుగూకాక రేకుగోడ తొందరగా చల్లారాలి. మందంగా కప్పితే పగటి వేడి అర్ధరాత్రి దాకా లోపలే ఉంటుంది.

నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. సోలార్ ప్యానెల్ పైకప్పు మీద పడుకోబెట్టినా ఆ నెలల్లో నష్టం లేదు. డిసెంబరులో మాత్రం సూర్యుడు దక్షిణానికి ఒరిగి, మధ్యాహ్నం కూడా 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు పడుకున్న ప్యానెల్ మీద ఎండ ఐదోవంతు తగ్గుతుంది. ఆ ఐదోవంతు కోసం ప్యానెల్ లేపే ఏర్పాటు పెట్టలేదు. గాలికి అది ఊగుతుంటే నాకు నిద్ర పట్టదు.

కరెంటు లెక్క ఇది. 330 వాట్ల ప్యానెల్, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఫాస్ఫేటు బ్యాటరీ, అంటే 1280 వాట్-అవర్లు. 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 18 వాట్లు. రాత్రంతా రెండూ తిరిగితే 360 వాట్-అవర్లు. పసుపు దీపం, నీళ్ల పంపు, ఫోను కలిపి ఇంకో 150. మంచి ఎండలో వెయ్యికి పైగా వస్తుంది కాబట్టి టెన్షన్ లేదు. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చేయకూడదంటారు, ఆ బాధ మనకు ఎటూ లేదు. మనకు పగ ఎండే. అందుకని బ్యాటరీ డబ్బాను ఇంజను వైపు కాకుండా వెనక తలుపు దగ్గర, కింద గాలాడేలా పెట్టాను.

వంట బండి వెనక. తలుపు తెరిస్తే బయటికి జరిగే బల్ల, దాని మీద ఒకే బర్నరు స్టవ్వు. స్టవ్వు వెనక రేకు కాలకుండా మార్కాపురం పలక ఒకటి నిలబెట్టాను. క్వారీ దగ్గర పక్కన పడేసిన ముక్కల్లోంచి ఏరుకుంటే నున్నటిది దొరికింది. నూనె చిందినా తడిగుడ్డతో పోతుంది. సిలిండరు 5 కిలోలది. అది ఉండే డబ్బాకు అడుగున చెయ్యి పట్టేంత కన్నం బయటికి పెట్టించాను. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పైన కిటికీ తెరిచి ఉంది కదా అని ధీమాగా ఉంటే కుదరదు. వెల్డరన్న ఆ కన్నానికి జల్లెడ కూడా వేశాడు, ఎలుకలు దూరకుండా.

మరుగుదొడ్డికి ఖర్చే లేదు. మూత ఉన్న బకెట్టు, మూత్రం వేరే డబ్బాలోకి పోయే గరాటు, పైన చల్లడానికి ఊక. నెల్లూరు జిల్లాలో రైస్‌మిల్లుకు పోయి ఊక అడిగితే గోతాం ఇచ్చి నింపుకోమంటారు. మూత్రం విడిగా పోతే వాసన పెద్దగా ఉండదు. నిండాక తోటలో గొయ్యి తీసి పూడ్చడమే, రైతును అడిగి.

కృత్తిక, రోహిణి (మే)

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నేను కనిగిరి అవతల బత్తాయి తోటలో ఉన్నాను.

ముందు పైకప్పు. గురి చూసి నొక్కితే వేడి చెప్పే గన్ను కొన్నాను. బయట 40 ఉన్న పూట, రంగు వేయని రేకు ముక్క 68 చూపించింది. తెల్లటి కూల్ పెయింటు వేసిన పైకప్పు 49. ప్యానెల్ కింద నాలుగంగుళాల ఖాళీ ఉన్న చోట 43. ఇక్కడే బుర్రకు తట్టింది. ప్యానెల్ లేని చోటంతా తాటాకు తడికలు కడితే? వెదురుబద్దల చట్రం మీద తాటాకు అల్లించి, పైకప్పుకు జానెడు ఎత్తులో కట్టాను. కింద గాలి పోతుంది. తడిక కింద రేకు 41కి దిగింది. బండి కదిలేటప్పుడు విప్పి, చుట్టి, లోపల మంచం కింద పెట్టుకోవాలి. ఆ విప్పడం కట్టడం పావుగంట పని, విసుగే. అయినా ఈ ఎండాకాలంలో నేను చేసినవాటిలో ఖర్చుకు తగ్గ లాభం దీనికే.

నీడ దగ్గర ఒక తగాదా ఉంది. నాకు నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. బండి కానుగ చెట్టు కింద పెడితే ప్యానెల్ పని చేయదు. ఏప్రిల్‌లో కానుగ కొత్త చిగురేసి, మేకి దట్టంగా కమ్ముకుంటుంది. వేప కూడా మంచిదే గానీ కానుగ కింద చీకటే. దీనికి మడిచే ప్యానెల్ ఒకటి, 120 వాట్లది, పది మీటర్ల వైరుతో తీసుకున్నాను. బండి నీడలో, ప్యానెల్ చేలో. వైరు 4 చదరపు మిల్లీమీటర్లది వాడాలి, సన్నటిది వాడితే దారిలోనే కరెంటు పోతుంది. మేకలు వైరు జోలికి రాలేదు గానీ ప్యానెల్ మీద ఎక్కి నిలబడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతి, వట్టివేళ్లు. మే నెలలో ఇక్కడ పడమటి గాలి వీస్తుంది. వడగాడ్పు. మొహం మీద కొట్టినట్టు ఉంటుంది, కానీ ఎండు గాలి. ఎండు గాలికి తడి చూపిస్తే చల్లబడుతుంది. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, తూర్పు కిటికీలో ఫ్యాను బయటికి లాగేలా పెట్టాను. నీళ్లు చల్లడానికి మనిషి కూర్చోవాలా? డ్రిప్పు బిగించేవాణ్ణి, ఆ మాత్రం చేసుకోలేనా. 16 మిల్లీమీటర్ల లేటరల్, అంటే డ్రిప్పర్లు గుచ్చే పైపు, ఒక ముక్క కిటికీ పైన అడ్డంగా బిగించి, పైకప్పు మీది 20 లీటర్ల క్యానుకు కలిపాను.

డ్రిప్పర్ల ఎంపికలో చిన్న కిటుకుంది. డ్రిప్పరు మీద రాసి ఉండే లెక్క సుమారు ఒక బార్ ఒత్తిడికి, అంటే పది మీటర్ల ఎత్తు నీళ్లకు. నా క్యాను ఎత్తు మీటరు. ఒత్తిడి పదోవంతుకు పడితే ధార మూడోవంతుకు అటూ ఇటూ పడుతుంది. గంటకు 2 లీటర్లిచ్చే మామూలువి పెడితే అర లీటరు చిల్లర వస్తుంది, తడిక తడవదు. అందుకని మామిడి తోటలకు వాడే 8 లీటర్లవి రెండు పెట్టాను. గంటకు ఐదు లీటర్ల లోపు. వాటి కింద పాత పంచె పీలిక కట్టాను, నీళ్లు తడిక పొడుగునా పరుచుకోవడానికి. సగం దాకా ఆవిరైపోతుంది, మిగతాది కింద తొట్టిలో పడితే మళ్లీ క్యానులో పోస్తాను. పన్నెండు నుంచి నాలుగు దాకా ఒక క్యాను సరిపోతుంది.

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 670 వాట్-అవర్ల వేడి లాక్కుంటుంది. నా బ్యాటరీలో ఉన్న కరెంటంతా కలిపితే రెండు లీటర్ల నీటి ఆవిరికి సమానం! బయట 42 ఉన్న మధ్యాహ్నం తడికలోంచి వచ్చే గాలి 31, 32 చూపించింది. వాసన సరేసరి.

తోట పెద్దాయన పదకొండింటికి మజ్జిగ చెంబుతో వచ్చి, కిటికీ కేసి కాసేపు చూసి, "ఏందబ్బాయ్, కిటికీకి కూడా డ్రిప్పు పెట్టావా! దానికి సబ్సిడీ వచ్చిద్దా?" అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆయన కునుకు మా బండిలోనే.

కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇది ఎప్పట్నుంచో ఉన్న గోడు, కీళ్లు వంగిపోయిన పెద్దవాళ్లు ఊళ్లల్లో కనిపిస్తారు. తాగడానికి ఆర్వో ప్లాంటు క్యాను, తడికకూ స్నానానికీ బోరు నీళ్లు. ఉప్పు నీళ్లకు డ్రిప్పర్లు తెల్లగా పూడుకుపోతాయి. తోటలో అయితే ఆసిడ్ పంపిస్తాం. ఇక్కడ రెండు డ్రిప్పర్లే కదా, రాత్రి నిమ్మరసంలో వేస్తే పొద్దుటికి తేరుకుంటున్నాయి.

స్నానం బోరు మోటారు దగ్గర. వ్యవసాయానికి కరెంటు ఇచ్చే 9 గంటల్లోనే మోటారు తిరుగుతుంది కాబట్టి, స్నానం వేళ నా చేతిలో లేదు. వంట తెల్లవారుజామునే ఒక్కసారి. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దున చద్దన్నం, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. మధ్యాహ్నం స్టవ్వు ముట్టించే ధైర్యం లేదు.

మృగశిర, ఆరుద్ర (జూన్)

కేరళలో వానలు పడ్డాయని టీవీలో చెప్పిన రోజు ఇక్కడ 41. నైరుతి వానలు మనదాకా వచ్చేసరికి పడమటి కనుమల అవతలే చాలావరకు దిగిపోతాయి. నెల్లూరుకు జూన్ కూడా ఎండాకాలమే.

పని లేని వారం సముద్రం ఒడ్డున మైపాడు వైపు వచ్చాను. ఇక్కడ వట్టివేళ్ల తడిక దండగ. గాలిలోనే తేమ ఉంటే నీరు ఎక్కడికి ఆవిరవుతుంది? తడిక తడిసి ముద్దగా ఉంటుంది, గాలి చల్లబడదు, మూడోనాటికి బూజు వాసన. విప్పి ఎండేసి కట్టకట్టాను. ఇక్కడ పని చేసేది సముద్రపు గాలి ఒక్కటే. పడమటి గాలి బలంగా ఉన్న రోజు అది తొందరగా లోపలికి రాదు, మధ్యాహ్నం రెండు దాకా ఉడికిపోతాం. తిరిగిందంటే మాత్రం పావుగంటలో తేడా తెలిసిపోతుంది. అందుకని తూర్పు వైపు పెద్ద కిటికీ, పడమట పైకప్పు వెంటిలేటరు, మధ్యలో మంచం. గాలి వచ్చిన దారినే నేను పడుకుంటాను.

బండి నిలిపింది సర్వి తోట అంచున, ఒడ్డుకు అర కిలోమీటరు ఇవతల. సర్వి నీడ పలచనే గానీ గాలిని ఆపదు. ఒడ్డునే పెట్టుకోమని జాలరులు పిలిచారు. వద్దన్నాను. ఉప్పుగాలికి మామూలు నట్లు నెలలో ఎర్రబడతాయి. పైకప్పు మీది బోల్టులన్నీ 316 రకం స్టెయిన్‌లెస్‌కు మార్చాను, 304 రకం ఉప్పుకు అంతగా ఆగదు. కావలి వచ్చాక బండి కింద మంచినీళ్లతో కడిగించాను.

జులై, ఆగస్టు, సెప్టెంబరు

పెద్దగా రాసేదేమీ లేదు. సాయంత్రం ఉరుములు, రాత్రి చల్లదనం, పొద్దున మళ్లీ ఎండ. పని మార్కాపురం, గిద్దలూరు వైపు. నల్లమల పచ్చబడింది. భైరవకోనలో జలపాతం పారుతుంటే ఒక పగలు అక్కడ గడిపాను, కొండను తొలిచిన ఎనిమిది గుళ్ల ముందు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. అడవిలో బండి పెట్టుకుని పడుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కుదరదు. అది పులుల అభయారణ్యం. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో రాత్రిపూట గేట్లు మూసేస్తారు. అడవి ఇవతల ఊళ్లో, గుడి పక్కన, పూజారికి చెప్పి నిలుపుకోవడమే మర్యాద.

ఊరికి కొత్త బండి వచ్చి రెండు రాత్రులు నిలబడితే జనం అనుమానపడతారు, పడాలి కూడా. నేను చేరగానే రచ్చబండ దగ్గర ఆగి, ఎవరి తోటకు వచ్చానో చెబుతాను. ఒకామె మాత్రం చాలాసేపు అడిగి, చివరికి, "పెళ్లాం వెళ్లగొట్టిందా నాయనా?" అంది. నాకింకా పెళ్లి కాలేదంటే ఇంకా జాలిపడింది.

హస్త, చిత్త, స్వాతి (అక్టోబరు)

వాన పరీక్ష. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైనే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. బండికి అసలు పరీక్ష ఎండ కాదు, ఇదే.

వాన రాకముందు ఆటోనగర్‌లో బండి కడిగే ప్రెషర్ పైపుతో పైకప్పు మీద పావుగంట కొట్టించాను. లోపల టార్చితో నేను. రెండు చోట్ల చెమ్మ కనబడింది, రెండూ ప్యానెల్ కాళ్ల బోల్టుల దగ్గరే. పాలీయురెథేన్ సీలెంటు పెట్టి, బోల్టు మీద టోపీలా రబ్బరు వాషరు వేశాం. సిలికాన్ వద్దన్నాడు వెల్డరన్న. దాని మీద రంగు అంటదు, ఒకసారి ఊడితే మళ్లీ ఏదీ అతకదు. తాటాకు తడికలు విప్పేశాను, తడిస్తే బరువు, పైగా జెర్రులు చేరతాయి.

వానలో ఎక్కడ నిలపాలన్నది నేలను బట్టి. ఒంగోలు చుట్టూ నల్లరేగడి. ఎండాకాలం రాయి, తడిస్తే బండి గొడ్డు దిగబడినట్టు దిగబడుతుంది, ట్రాక్టరు రావాల్సిందే. మెట్ట ఎర్రనేల, గరుసు నేల అయితే నీళ్లు ఇంకిపోతాయి. వాగు గట్టు ఎంత అందంగా ఉన్నా నిలపను. మన్నేరు, పాలేరు, బొగ్గేరు ఇవన్నీ పది నెలలు ఇసుకే, పైన కొండల్లో కొడితే గంటల్లో నిండిపోతాయి. ఇక్కడ వాన పడకపోయినా వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద ఇంకా అందరికీ గుర్తుంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగిపోయింది. అంతటి రోడ్డే తెగితే నా బండెంత?

వరి చేల పక్కన రాత్రి దీపం వెలిగిస్తే పచ్చదోమ. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా కొన్ని దూరాయి. దీపావళి ముందు మరీ ఎక్కువ. తెర ఇంకా సన్నటిది మార్చాను, గాలి తగ్గింది. రెంటికీ రాజీ లేదు. తెల్లదీపం తీసేసి పసుపు దీపమే ఉంచితే చాలావరకు రావడం మానేశాయి. ముసురులో అదీ ఆర్పేసి కూర్చోవడమే.

విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ (నవంబరు, డిసెంబరు మొదలు)

ముసురు. నాలుగు రోజులు సూర్యుడు లేడు. ప్యానెల్ రోజుకు 150 నుంచి 250 వాట్-అవర్లు ఇస్తోంది. ఫ్యాను ఒక్కటి, అదీ చిన్న స్పీడులో. దీనికోసమే ఇంజను నుంచి బ్యాటరీకి 20 ఆంపియర్ల చార్జరు పెట్టించాను. గంట ప్రయాణిస్తే 250 దాకా ఎక్కుతుంది, అంటే నెల్లూరు నుంచి కావలి వచ్చేసరికి ఒక రాత్రి గడుస్తుంది.

కరెంటు కంటే పెద్ద తలనొప్పి తడి. ఆరని బట్టలు, చెమ్మపట్టిన పరుపు. పరుపు కింద ప్లైవుడ్ పలకకు నిండా కన్నాలు వేయించాను, పొద్దున పరుపు లేపి నిలబెడతాను. ఉప్పు డబ్బాలో బియ్యం గింజలు, అమ్మ సలహా. పుస్తకాలు ఇంట్లోనే వదిలేశాను.

తుఫాను విషయంలో వాదన లేదు. అల్పపీడనం అన్నప్పుడు వార్తలు చూస్తాను. వాయుగుండం అన్న రోజే బయల్దేరి కావలి ఇంటికి వచ్చి, రెండు డాబాల నడుమ సందులో బండి పెడతాను. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుఫాను అని పేరు పెడతారు, అప్పుడు బయల్దేరితే దారిలో చెట్లు ఉంటాయి. జూన్‌లో ముద్దొచ్చిన సర్వి తోట ఇప్పుడు పనికిరాదు, ఇసుకలో వేరు నిలవదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో పడ్డ వేపచెట్టును నేనే చూశాను. ఎత్తైన బండి పక్కగాలికి ఊగుతుంది. ఈ వ్యాన్ కాపురం తుఫానులో కాదు, అంతే.

మూల, పూర్వాషాఢ (డిసెంబరు చివర, జనవరి)

ఏడాదిలో మంచి రోజులు ఇవే. ఫ్యాను లేకుండా నిద్ర. కంభం చెరువు దగ్గర, కట్ట కింద కాకుండా పక్కన ఎత్తు మీద నిలిపాను. విజయనగర రాజుల కాలం నాటి చెరువు, గుండ్లకమ్మకు అడ్డం. పొద్దున మంచులో కొండ కనపడదు.

చలికి కొత్త గొడవ. కిటికీలన్నీ మూసి పడుకుంటే, పొద్దుటికి రేకు లోపలి వైపు నీటి బొట్లు. ఇది వాన కాదు, నా ఊపిరే. పైకప్పు వెంటిలేటరు రెండంగుళాలు తెరిచి, కింద తలుపు సందు వదిలితే పోయింది. దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకోవచ్చు.

సంక్రాంతి సెలవుల్లో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పోయాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మాకది నెల్లూరే. చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. బండి ఊరి బయటే ఆపి నడిచాను. రెట్టల వాసన అర కిలోమీటరు నుంచే తెలుస్తుంది. రైతులు ఆ చెరువు నీళ్లు చేనుకు మంచి బలమంటారు.

మాఘమాసం (ఫిబ్రవరి)

ఉలవపాడు మామిడి తోటలో పని. పూత మీద ఉన్న మామిడి కింద బండి పెట్టొద్దు, రాసుకోండి. తేనెమంచు పురుగు కార్చే జిగురు అద్దం మీదా, ప్యానెల్ మీదా సన్నగా పరుచుకుంటుంది. దాని మీద దుమ్ము, ఆ మీద నల్లటి మసి. రెండు రోజుల్లో ప్యానెల్ బలం బాగా తగ్గింది. ఒట్టి నీళ్లతో పోదు, గోరువెచ్చటి సబ్బునీళ్లు కావాలి. ఆపైన కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కోతలు మొదలైతే వరి దుమ్ము. దానికి మాత్రం సులువు, తెల్లవారుజామున మంచుకు ప్యానెల్ తడిసి ఉన్నప్పుడే మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, నీళ్లు దండగ కావు.

మళ్లీ రేవతి (ఏప్రిల్)

రెండో ఎండాకాలానికి మార్పులు. వట్టివేళ్ల తడిక ఇప్పటిదాకా ఒక్క కిటికీకే. దానివల్ల బండి ఎప్పుడూ ఒకే వైపు తిప్పి నిలపాల్సి వచ్చేది, తోట దారులు అన్నిచోట్లా అంత సౌకర్యంగా ఉండవు. ఈసారి రెండు వైపులా చట్రాలు. తడికలు 90 సెంటీమీటర్లు బై 55, రెండు చెప్పాను. తాటాకు తడికకు బదులు వలలాంటి నీడ గుడ్డ వేయమని కొందరన్నారు. చూశాను. గుడ్డ బరువు తక్కువ, చుట్టడం సులువు, కానీ దాని కింద రేకు తాటాకు కింద ఉన్నంత చల్లగా లేదు. ఈ ఏడాది కూడా తాటాకే. చట్రం మాత్రం మూడు ముక్కలుగా మడిచేలా చేయిస్తున్నాను.

బ్యాటరీ డబ్బాకు చిన్న ఫ్యాను, కంప్యూటర్‌లో ఉండేది, 45 డిగ్రీలు దాటితే దానంతటదే తిరిగేలా. వెనక తలుపు కింద తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతుకుతున్నారు. పెద్ద పనేమీ కాదు గానీ తలుపు ఊడదీసి ఉంది కాబట్టి బండి ఆటోనగర్‌లోనే. భరణి కార్తె లోపల ఇచ్చెయ్యమని వెల్డరన్నకు చెప్పాను. కనిగిరి పెద్దాయన తోటలో కొత్త పైపులు ఇప్పటికే దించేశారట, "నా కిటికీ ఏదబ్బాయ్" అని నిన్న ఫోను.